పచ్చిక నడుమ చిక్కిన మందలు

మేత లేక పశువులు చిక్కిపోవుట మన మెఱిగినదే. కాని పచ్చని బయలులో, కావలసినంత గడ్డి నడుమ, గొఱ్ఱెలు బక్కచిక్కి చనిపోయినచో దానికి కారణమేమి?

న్యూజిలాండు ఉత్తర ద్వీపమున అగ్నిపర్వతపు బూడిదతో ఏర్పడిన నేలలలోను, ఆస్ట్రేలియా తీరప్రాంతములు కొన్నింటను ఇట్టి వ్యాధి రైతులను చాలకాలము బాధించెను. పశువులకు ఆకలి మందగించును, రక్తహీనత కలుగును, ఎముకలు పైకి తేలి తుదకు మరణించును. మందను వేరొక ప్రాంతపు పచ్చికకు తోలినచో తిరిగి కోలుకొనును. కనుక ఇది అంటువ్యాధి కాదు. మరియొక వింత యేమనగా, అదే పచ్చిక మేసిన గుఱ్ఱములకు ఏ జబ్బును రాలేదు.

రక్తహీనత గలదు గనుక ఇనుము లోపించినదని మొదట తలచిరి. ఇనుప లవణములు పెట్టగా పశువులు కోలుకొనినవి కూడ. సమస్య తీరినట్లే తోచెను. కాని ఒక లవణము కొద్దిగా నిచ్చినను గుణమిచ్చెడిది. మరియొకటి ఎంత యిచ్చినను గుణమిచ్చెడిది కాదు. పైగా జబ్బుపడిన పశువుల కాలేయములో ఇనుము సమృద్ధిగా నుండెను. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఫిల్మర్, అండర్‌వుడ్ అను శాస్త్రజ్ఞులు లిమొనైట్ అను ఇనుప ఖనిజమునుండి ఇనుమును తొలగించి, మిగిలిన ద్రావణమును పశువుల కిచ్చి చూచిరి. ఇనుము లేకున్నను వ్యాధి కుదిరెను! ఖనిజములో కల్మషముగా నున్న కోబాల్టే అసలు మందని 1935లో తేలెను. ఆ సంవత్సరమే దక్షిణ ఆస్ట్రేలియాలో మార్‌స్టన్, లైన్స్ అనువారును ఈ నిర్ణయమునకే వచ్చిరి.

కావలసిన కోబాల్టు ఎంత? గొఱ్ఱెకు దినమునకు సుమారు 0.1 మిల్లీగ్రాము. అనగా పదివేల గొఱ్ఱెల మందకు దినమున కొక్క గ్రాము!

ఇంత స్వల్పమైన లోహము చేయు పని యేమి? సమాధానము వేరొక దారిలో లభించెను. మనుష్యులకు వచ్చు ఒక ప్రమాదకరమైన రక్తహీనత, కాలేయమును ఆహారముగా నిచ్చినచో కుదురునని మైనాట్, మర్ఫీ అను వైద్యులు 1926లో తెలిపిరి. కాలేయములోని ఆ ద్రవ్యమును 1948లో వేరుచేసి బి-12 విటమిన్ అనిరి. ఆ ఎఱ్ఱని స్ఫటికములలో కోబాల్టు కనబడెను.

ఈ విటమిన్‌ను మొక్కలు గాని జంతువులు గాని తయారుచేయజాలవు. కొన్ని సూక్ష్మజీవులకే ఆ శక్తి కలదు. నెమరువేయు జంతువుల మొదటి పొట్టలో నివసించు సూక్ష్మజీవులు, మేతలోని కోబాల్టుతో దీనిని తయారుచేసి పెట్టును. అందుచేతనే కోబాల్టును నోటిద్వారా ఇచ్చిన గుణమిచ్చును గాని, సూదిమందుగా రక్తములోనికి ఎక్కించిన అంతగా పనిచేయదు. పొట్టలో గడ్డి పులిసినప్పుడు ప్రొపియోనిక్ ఆమ్లము ఏర్పడును. దానినుండి శక్తిని పొందుటకు బి-12 అవసరము. అది కొరవడినచో పశువునకు ఆకలియే చచ్చును. గుఱ్ఱము నెమరువేయదు, దాని అవసరము మిక్కిలి తక్కువ. పాత చిక్కుముడి ఇట్లు విడిపోయెను.

ఆ రైతులు ఎరువుతోపాటు హెక్టారుకు కొన్ని వందల గ్రాముల కోబాల్టు సల్ఫేటు చల్లగా, పనికిరావనుకొన్న బయళ్లు మేలైన పచ్చికలైనవి. అయితే మితిమీరిన కోబాల్టు విషమగును. పశువైద్యుడు చెప్పిన కొలత దాటరాదు.

మన ఆవు, గేదె, మేక, గొఱ్ఱె అన్నియు నెమరువేయునవే. రాగి, జింకు, అయొడిన్ మొదలగు సూక్ష్మ మూలకములు కూడ వానికి కొద్దికొద్దిగా కావలెను. పశువు చిక్కినప్పుడు మేత ఎంత తిన్నదని మాత్రమే కాక, ఆ మేత ఏ నేలలో పెరిగినదనియు విచారింపవలెను.