తలకు తగిలిన చిన్న దెబ్బ – మొదటి 24 గంటలు

మన సినిమాల్లో తలకు దెబ్బ తగలడమంటే చాలా తేలికైన వ్యవహారం. విలన్ నెత్తిన సీసా పగిలితే అతను తల విదిలించుకుని మళ్ళీ కలబడతాడు. హీరోయిన్‌కు కారు ప్రమాదంలో దెబ్బ తగిలితే గతమంతా మరిచిపోతుంది. ఇంటర్వెల్ తర్వాత అదే తలకు ఇంకో దెబ్బ తగలగానే అన్నీ గుర్తొచ్చేస్తాయి. 1982లో తమిళంలో వచ్చి, తెలుగులో 'వసంత కోకిల'గా మనవాళ్ళు చూసిన సినిమాలో శ్రీదేవి పాత్ర తలకు దెబ్బ తగిలి చిన్నపిల్లలా మారిపోతుంది. కథగా అది గుండెను పిండేస్తుంది. కానీ ఫిల్మ్‌నగర్‌లో రాసుకున్న కథలు చూసి పెరిగిన మనకు ఒక నమ్మకం పాతుకుపోయింది. దెబ్బ తగిలినా లేచి నడిస్తే ఏమీ కానట్టేనని, స్పృహ తప్పి పడిపోతేనే ప్రమాదమని అనుకుంటాం. హాస్టల్ తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ నేను చెప్పదలచుకున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ముందుగా సీసా సంగతి. ఫైట్లలో పగిలే సీసాలు మనం సోడా తాగే సీసాలు కావు. ఒకప్పుడు పంచదార పాకంతో, తర్వాత రెజిన్‌తో పోత పోసి, ముట్టుకుంటే విరిగేలా చేసినవి. తలకు తగిలినా నొప్పి పుట్టకుండా ఉండేందుకే వాటిని తయారుచేస్తారు. నిజమైన సీసా అంత తేలిగ్గా పగలదు, పుర్రె పగలవచ్చు. అలాగే నిజజీవితంలో దెబ్బ వల్ల పోయే జ్ఞాపకం పేరూ ఊరూ అమ్మానాన్నలూ కాదు. దెబ్బ తగలడానికి ముందు కొన్ని నిమిషాలు, తర్వాత కొంతసేపు మాత్రమే చెరిగిపోతాయి. "నేనెక్కడున్నాను? ఎలా పడ్డాను?" అని అడిగిందే అడుగుతుంటే అది నవ్వుకోవలసిన విషయం కాదు, డాక్టరుకు చెప్పవలసిన లక్షణం. ఇక రెండో దెబ్బ జ్ఞాపకాన్ని తిరిగి తేదు. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే మెదడు వాచిపోయి ప్రాణం పోయిన సందర్భాలు వైద్యశాస్త్రంలో ఉన్నాయి. అవి అరుదు. కానీ బలైనవారిలో ఎక్కువమంది ఆటలాడే కుర్రాళ్ళే.

పుర్రె గట్టి డబ్బా లాంటిది. అందులో మెదడు కొద్దిపాటి ద్రవంలో తేలుతున్నట్టు ఉంటుంది. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలుతారు కదా, తల దేనికైనా గట్టిగా కొట్టుకున్నప్పుడు లోపల మెదడు కూడా అలాగే కుదుపుకు లోనవుతుంది. దీన్నే కంకషన్ అంటారు. మెదడు పని కొంతకాలం తడబడుతుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం, విసుగు, మందకొడితనం కనిపిస్తాయి. ఇవి ఉండాలంటే స్పృహ తప్పి ఉండనక్కర్లేదు. కంకషన్ వచ్చినవాళ్ళలో చాలామంది అసలు స్పృహే తప్పరు. ఎక్కువమందికి విశ్రాంతితో అదే తగ్గిపోతుంది.

భయపడవలసింది లోపలి రక్తస్రావం గురించి. కణత దగ్గర పుర్రె ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలివైపు ఆనుకుని ఒక ధమని వెళుతుంది. ఎముక చిట్లితే ఆ ధమని తెగి, పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. ఒంట్లో ఇంకెక్కడైనా అయితే ఆ చోటు వాచి బొప్పి కడుతుంది. పుర్రె మాత్రం సాగదు కాబట్టి చేరిన రక్తం మెదడునే నొక్కుతుంది. అయితే ఆ నొక్కుడు పెరగడానికి సమయం పడుతుంది. అర్ధగంట కావచ్చు, నాలుగైదు గంటలు కావచ్చు. ఆ మధ్యకాలంలో మనిషి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు, టీ తాగుతాడు, ఏమీ లేదంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నమ్మి ఎవరి పనిమీద వాళ్ళు వెళ్ళిపోతారు. ప్రాణాలు తీసేది ఈ మధ్యకాలమే.

సినిమా రంగం నుంచే ఒక ఉదాహరణ. 2009 మార్చి 16న నటాషా రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ నటి కెనడాలో మంచు వాలు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయింది. హెల్మెట్ లేదు. లేచి నవ్వేసింది. అంబులెన్సు వస్తే అవసరం లేదని పంపించేశారు. సుమారు గంట తర్వాత హోటల్ గదిలో తలనొప్పి మొదలైంది. ఆసుపత్రికి చేర్చినా ఆలస్యమైపోయి, మార్చి 18న న్యూయార్క్‌లో మరణించింది. వయసు 45. పైన చెప్పిన రక్తస్రావమే కారణమని పోస్టుమార్టంలో తేలింది. క్రికెట్ ఇష్టపడేవాళ్ళకు రమణ్ లాంబా పేరు తెలిసే ఉంటుంది. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో జరిగిన క్లబ్ మ్యాచ్‌లో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి తలకు తగిలింది. తన కాళ్ళ మీద నడిచే డ్రెస్సింగ్ రూముకు వెళ్ళాడు. మూడు రోజుల తర్వాత మరణించాడు. కెనడాలో నటి, ఢాకాలో ఆటగాడు. ఇద్దరూ లేచి నడిచినవాళ్ళే.

ఇప్పుడు మన హాస్టల్‌కు వద్దాం. నేను ఇక్కడే చదువుకుని, నర్సింగ్ చేసి, ప్రస్తుతం నగరంలో క్యాజువాలిటీ డ్యూటీ చేస్తున్నాను. హాస్టల్ పిల్లల్లో ఒక గుణం ఉంది. దెబ్బను దాస్తారు. గోడ దూకినప్పుడు పడ్డామని, నీళ్ళ ట్యాంకు ఎక్కామని తెలిస్తే వార్డెన్ సార్ తిడతారని భయం. ఇంటికి ఫోను చేస్తే అమ్మ కూలి మానుకుని వస్తుందని ఇంకో భయం. పక్క మంచం మిత్రుడు కూడా నమ్మకంగా నోరు మూసుకుంటాడు. మోకాలి దెబ్బను దాస్తే మోకాలే నొస్తుంది. తల దెబ్బ విషయంలో మాత్రం దాచడం స్నేహం కాదు. వార్డెన్ సార్‌కు గానీ, మేట్రన్‌కు గానీ, కనీసం కామాటికి గానీ ఆ గంటలోనే చెప్పాలి. తిట్లు తర్వాత తినవచ్చు.

దెబ్బ తగిలిన వెంటనే ఎవరిని డాక్టరుకు చూపించాలి? ఒక్క క్షణం స్పృహ తప్పినా, ఎలా పడ్డాడో గుర్తులేకపోయినా, ఒకసారి వాంతి అయినా చూపించాలి. ఒక మీటరు కంటే ఎక్కువ ఎత్తు నుంచి, లేదా ఐదు మెట్ల కంటే ఎక్కువ ఎత్తు నుంచి పడితే ప్రమాదకరమైన పాటుగానే డాక్టర్లు లెక్కిస్తారు. మన డబుల్ కాట్ పై మంచం మీటరు కంటే ఎత్తే. నిద్రలో దానిమీద నుంచి పడ్డవాణ్ణి చూసి అందరూ నవ్వుతారు, నవ్వు ఆపి ముందు తల చూడండి.

డాక్టరు చూసి పంపించినా, అసలు ఏ లక్షణమూ లేకపోయినా, మొదటి 24 గంటలు ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఈ వ్యాసంలో మిగతావి మరిచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. పక్కన ఉన్నవాళ్ళు గమనించవలసింది మార్పును. తలనొప్పి ఉండటం వేరు, గంట గంటకూ పెరగడం వేరు. వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, నడకలో తూలుతుంటే, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పితే ఇక ఆలోచించవద్దు. ఒక కంటిపాప రెండో దానికంటే పెద్దదిగా కనిపించడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్ళలాంటి ద్రవం కారడం, చెవి వెనుక కమిలిపోవడం, ఫిట్స్ రావడం, ఎప్పుడూ నెమ్మదిగా ఉండేవాడు కారణం లేకుండా తిట్టడం, కొట్టడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"తలకు దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనివ్వకూడదు" అని పెద్దవాళ్ళు అంటారు. నిద్ర వల్ల రక్తస్రావం రాదు. స్పృహ తప్పడాన్ని మనం నిద్ర అనుకుంటామేమోనన్నదే అసలు భయం. అందుకని తెల్లవార్లూ మొహాన నీళ్ళు కొట్టి కూర్చోబెట్టనక్కర్లేదు. డాక్టరు చూసి, మనిషి మామూలుగా మాట్లాడుతుంటే పడుకోనివ్వండి. కింది మంచం మీద పడుకోబెట్టి, పక్కన ఒకరు ఉండండి. డాక్టరు లేపి చూడమంటే చెప్పినన్ని సార్లు లేపండి. లేపితే విసుక్కుంటూనైనా తన పేరు, తరగతి, రాత్రి ఏం కూర తిన్నాడో సరిగ్గా చెబితే చాలు. ఎంత కుదిపినా లేవకపోయినా, ఎన్నడూ లేని గురక మొదలైనా అది నిద్ర కాదు. 2022 జనవరిలో అమెరికన్ హాస్యనటుడు బాబ్ సాగెట్ హోటల్ గదిలో మరణించాడు. తల వెనుక దెబ్బ తగిలినా పట్టించుకోకుండా పడుకుని ఉంటాడని అతని కుటుంబం ప్రకటించింది. ఆ రాత్రి గదిలో లేపి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఇక ప్రథమ చికిత్స. తల మీద చర్మానికి రక్తనాళాలు ఎక్కువ, చిన్న గాటుకే చొక్కా తడిసిపోతుంది. ఆ రక్తం చూసి కంగారు పడనక్కర్లేదు. "రక్తం బయటికి పోయింది కదా, లోపల గడ్డకట్టదులే" అని నిశ్చింతగానూ ఉండకూడదు. పైన కారిన రక్తానికీ లోపలి రక్తానికీ సంబంధం లేదు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు కదలకుండా అదిమి పట్టాలి. ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం అదమకుండా గుడ్డ కప్పి ఉంచాలి. కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టవద్దు, కుట్లు వేసేవాళ్ళకు అవన్నీ కడగడమే సరిపోతుంది. మెడనొప్పి ఉందన్నా, ఎత్తు నుంచి పడ్డా తల, మెడ కదల్చకుండా 108 వచ్చేదాకా అలాగే ఉంచండి. వాంతి చేసుకుంటుంటే తల, మెడ, ఒళ్ళు ఒకే వరుసలో ఉండేలా నలుగురూ కలిసి పక్కకు తిప్పండి. ఫిట్స్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం మన దగ్గర ఇంకా పోలేదు. రెండూ వద్దు, చుట్టూ ఉన్న ట్రంకు పెట్టెలు జరిపి పక్కకు తిప్పితే చాలు. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చు కాబట్టి డాక్టరు చెప్పకుండా వేయకండి.

స్కాన్ నార్మల్ అని వచ్చాక కూడా పని అయిపోలేదు. సి.టి. స్కాన్‌లో రక్తం కనిపిస్తుంది, ఎముక విరుగుడు కనిపిస్తుంది, కంకషన్ కనిపించదు. జూబ్లీహిల్స్ రోడ్ నెంబరు 45ను మాదాపూర్‌తో కలిపే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర 2021 సెప్టెంబరు 10న హీరో సాయిధరమ్ తేజ్ బైకు జారి పడ్డాడు. హెల్మెట్ ఉన్నా స్పృహ తప్పింది. మెదడుకు పెద్ద దెబ్బలు లేవని ఆసుపత్రి బులెటిన్ చెప్పింది. అయినా నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నాడు, బయటికి వచ్చాక మాట సరిగా రాక ఇబ్బంది పడ్డానని తానే ఇంటర్వ్యూలలో చెప్పాడు. అతనిది చిన్న దెబ్బ కాదనుకోండి, కానీ కుదుపుకు గురైన మెదడు కుదుటపడటానికి సమయం పడుతుందని తెలియడానికి ఈ ఉదాహరణ చాలు. చిన్న దెబ్బకైతే పెద్దవాళ్ళు సాధారణంగా రెండు వారాల్లో, పిల్లలు నెలలోపు కోలుకుంటారు. మొదటి ఒకటి రెండు రోజులు చదువు, సెల్‌ఫోన్, టీవీ తగ్గించి, తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. స్టడీ అవర్‌లో అక్షరాలు మసకబారుతున్నాయంటే అది బద్ధకం కాదని వార్డెన్లూ ట్యూటర్లూ గ్రహించాలి.

ఆ రోజే మళ్ళీ ఆటలోకి దిగడం మాత్రం కుదరదు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఆర్చర్ బంతి మెడకు తగిలాక స్టీవ్ స్మిత్ పరీక్షల్లో నెగ్గి మళ్ళీ బ్యాటింగ్‌కు వచ్చాడు. మర్నాడు పొద్దున తలనొప్పి, మత్తు. అతని బదులు లబుషేన్ ఆడాడు, కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా టెస్టుల్లో దిగిన మొదటివాడు అతనే. స్మిత్ తర్వాతి టెస్టుకు కూడా దూరమయ్యాడు. పక్కనే డాక్టర్లున్న ఆటగాడికే లక్షణాలు మర్నాడు బయటపడ్డాయి. మన కబడ్డీ కోర్టు దగ్గర ఎవరున్నారు?

పూర్వ విద్యార్థులకు రెండు మాటలు. మనవాళ్ళు కొందరు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో ఉంటూ లైట్‌మెన్‌గా, సెట్ పనివాళ్ళుగా, జూనియర్ ఆర్టిస్టులుగా బతుకుతున్నారు. నిచ్చెన మీద నుంచి పడితే "పేమెంటు కట్ అవుతుంది" అని అలాగే పని పూర్తిచేసి, రాత్రి గదికి వెళ్ళి ఒక పెగ్గు వేసుకుని పడుకుంటారు. మందు మత్తుకూ మెదడు మత్తుకూ తేడా పోల్చుకోవడం మాకే కష్టం. ఆ రోజు మందు ముట్టవద్దు, గదిలో ఒంటరిగా ఉండవద్దు. ఇంటి దగ్గర ముసలివాళ్ళ సంగతి ఇంకొకటి. 65 దాటినవాళ్ళకు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకు బాత్‌రూములో జారిన చిన్న దెబ్బకే లోపల సిరల నుంచి కొద్దికొద్దిగా రక్తం ఊరి, రెండు మూడు వారాల తర్వాత లక్షణాలు బయటపడవచ్చు. తాత మతిమరుపు ఉన్నట్టుండి పెరిగితే "వయసు కదా" అనేముందు ఈ మధ్య ఎక్కడైనా పడ్డాడేమో అడగండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలంటే, సి.టి. స్కాన్ ఉన్నచోటికి. మామూలు ఎక్స్‌రేలో లోపలి రక్తం కనిపించదు. హైదరాబాదులో గాంధీ, ఉస్మానియా, నిమ్స్, వరంగల్‌లో ఎం.జి.ఎం., విశాఖలో కె.జి.హెచ్., గుంటూరు, కర్నూలు ప్రభుత్వాసుపత్రులు అలాంటివే. తలగాయాల ఆపరేషన్లు తెలంగాణలో ఆరోగ్యశ్రీ కిందా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కిందా వస్తాయి, డబ్బు లేదని ఆగిపోకండి. వెంట వెళ్ళేవాళ్ళు ఒక నోటుబుక్కు కాగితం మీద ఇవి రాసి తెండి: దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, ఎలా తగిలింది, స్పృహ తప్పిందా, తప్పితే ఎంతసేపు, వాంతులు ఎన్నిసార్లు, ఏ మాత్ర ఎప్పుడు వేశారు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో మేము మొదట అడిగేవి అవే. ఆ కాగితం చేతిలో ఉంటే తెచ్చిన మిత్రుడు ఏడుస్తూ ఉన్నా మా పని ఆగదు.