హాజరు పట్టీలో లేనివాళ్లు

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఏ తండా బడికైనా పొద్దున పదింటికి పోయి చూడండి. ప్రేయర్ అయిపోయి ఉంటుంది. హెడ్‌సార్ ఫోన్ పట్టుకుని ఒక్కో పిల్లవాడి ముఖం ముందు పెడుతూ హాజరు ఎక్కిస్తుంటారు. 2023 నుంచి మన సర్కారు బళ్లలో ముఖం చూసి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. సిగ్నల్ అందితే అయిదు నిమిషాల పని. అందకపోతే సారు చెట్టు కిందికి నడుస్తారు, పిల్లలు సారు వెంట నడుస్తారు. దీన్ని వ్యాయామం పీరియడ్ కింద రాసుకోవచ్చు.

అదే సమయంలో బడి వెనక రేకుల షెడ్డులో వంటక్క చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతుంటుంది. ఎంతమందికి ఎసరు పెట్టాలో ఆమెకూ తెలియాలి. సారు చెప్పేదాకా ఆగదు. ‘ఇయ్యాల ముప్పై నాలుగు. రాత్రి మేస్త్రి బండి వచ్చిపోయింది గద సారూ, మూలింటోళ్ల పిల్లలు ముగ్గురూ రారు’ అంటుంది. ఫోను ఆ ముగ్గురినీ గైర్హాజరుగా చూపిస్తుంది, అంతే. మేస్త్రి బండి సంగతి రాసుకోవడానికి అందులో గడి లేదు.

పిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం సార్ల దగ్గర మొదలుపెట్టి సార్ల దగ్గరే ఆగిపోతాం. పోస్టులు ఖాళీ, ట్రైనింగులు ఎక్కువ, సిలబస్ బరువు. ఇవన్నీ నిజమే. కానీ ఒక పిల్ల పొద్దున బల్ల మీద కూర్చుని, పాఠం చెవికెక్కే స్థితిలో ఉండాలంటే అంతకుముందు చాలామంది చాలా పనులు చేసి ఉండాలి. వాళ్ల పేర్లు హాజరు పట్టీలో ఉండవు, జీతాల పట్టీలోనూ సరిగా ఉండవు. ‘బడి అందరిదీ’ అనే నినాదం గోడల మీద బాగానే ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఆ నినాదం కాదు. ఆ అందరిలో ఎవరు ఏ పని చేస్తే పిల్లలకు చదువు వస్తుంది, ఏ పని ఉత్త సంతకంగా మిగిలిపోతుంది అనేది.

అన్నంతోనే మొదలుపెడదాం. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు సర్కారు ప్రాథమిక బళ్లలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. వంట పని ఊళ్లోని డ్వాక్రా మహిళలకు అప్పగించారు. లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 150 గ్రాములు. పాతికమంది పిల్లలుంటే ఒక వంట మనిషి, వందమంది దాకా ఇద్దరు. తెలంగాణలో 2015 జనవరి నుంచి సన్నబియ్యం, వారంలో గుడ్లు. కేంద్రం లెక్కలో వంట మనిషికి నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే. వేసవి సెలవుల్లో వంటక్కకు ఆకలి వేయదని ఢిల్లీలో నిర్ణయించి ఉంటారు. 2023లో రాష్ట్రం రెండు వేలు కలిపి దాన్ని మూడు వేలు చేసింది.

బిల్లులు ఎప్పుడూ నెలాఖరున రావు. రెండు నెలలకో మూడు నెలలకో వస్తాయి. అప్పటిదాకా పప్పు, నూనె, గుడ్లు కిరాణం కొట్లో ఖాతా మీద వస్తాయి. ఆ కొట్టు సేటుకు విద్యాశాఖతో ఏ సంబంధమూ లేదు. కానీ మన జిల్లాల్లో పిల్లల చదువుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటాడు. ఆయన ఒక నెల మొండికేస్తే ఎక్కాల పీరియడ్ కూడా కుంటుపడుతుంది. ఎందుకంటే పత్తి ఏరే రోజుల్లో తల్లిదండ్రులు తెల్లవారకముందే చేనుకు పోతారు. పిల్లలు రాత్రి మిగిలింది ఉంటే తిని వస్తారు, లేకుంటే అలాగే వస్తారు. మూడో పీరియడ్‌కు సగం తరగతి కిటికీలోంచి పొయ్యి వైపు చూస్తుంటుంది. సారు ఎంత బాగా చెప్పినా ఆ చూపు నల్లబల్ల వైపు తిరగదు. పొద్దున పూట రాగిజావ, అల్పాహారం అంటూ 2023లో సర్కారు పథకాలు తెచ్చిందంటే, ఈ సంగతి పైవాళ్లకూ అందిందన్నమాట. వంటక్కకు ఇరవై ఏళ్ల నుంచి తెలుసు. ఆమెను అడిగే ఫారం మాత్రం ఎవరూ తయారుచేయలేదు.

ఆమె చేసే ఇంకో పని ఏ ఉత్తర్వులోనూ కనపడదు. తండా పిల్లకు ఇంట్లో లంబాడీ. బడిలో తెలుగు. 2022–23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం. కొత్త పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదురు పేజీ తెలుగులో వేశారు. ఆలోచన మంచిదే. కానీ ఒకటో తరగతి పిల్లకు కావలసిన మూడో పేజీ అందులో లేదు. ఆ మూడో పేజీ వంటక్క, లేదంటే అంగన్‌వాడీ ఆయా, లేదంటే నాలుగో తరగతిలో ఉన్న అక్క. సారు ‘గీత గీయండి’ అంటే పిల్ల దిక్కులు చూస్తుంది. షెడ్డులోంచి ఒక కేక వస్తుంది లంబాడీలో, పిల్ల గీత గీస్తుంది. బోధనాశాస్త్రంలో దీనికి పెద్ద పేరు ఉండే ఉంటుంది. బడిలో దీన్ని ‘అక్క చెప్పింది’ అంటారు.

నల్లగొండలో నీళ్ల సంగతి చెప్పకుండా చదువు సంగతి చెప్పలేం. ఈ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని దశాబ్దాల నుంచీ తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతికి ఏకంగా ‘నల్లగొండ టెక్నిక్’ అని ప్రపంచమంతా పేరు పెట్టుకుంది. ఊరికి ఇలా పేరు రావడం గొప్పో తిప్పలో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. మర్రిగూడ వైపు గారపట్టిన పళ్లతో, బిగుసుకున్న మోకాళ్లతో బడికి వచ్చిన తరాలున్నాయి. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ఉంది. నల్లా కింద బిందె పెట్టి, ట్యాంకు కడిగి, బాత్‌రూములో నీళ్లు ఉన్నాయో లేదో చూసే మనిషి ఉంటే ఎదిగిన ఆడపిల్లలు నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఆగిపోరు. ఆ మనిషినే బళ్లలో స్కావెంజర్ అంటారు. కొన్నేళ్లు ఆ పోస్టే లేకుండా పోయింది. పంచాయతీ సఫాయివాళ్లు వీలున్నప్పుడు వచ్చి ఊడ్చిపోయేవాళ్లు, వాళ్లకు వీలు లేని రోజున హెడ్‌సారే చీపురు పట్టేవారు. 2024లో పిల్లల సంఖ్యను బట్టి బడికి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇస్తామని సర్కారు చెప్పిన తర్వాత ఆ పని మళ్లీ ఒకరి చేతికి వచ్చింది.

ఇక కమిటీల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. 1998లో ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టం చేసి ప్రతి బడికీ విద్యా కమిటీ పెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి. 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు మన బడి’ మొదలైంది. 26 వేలకు పైగా బళ్లు, 7,289 కోట్ల అంచనా. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఊరి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే అధ్యక్షురాలు, హెడ్‌సార్ కన్వీనర్. ప్రతిసారీ గోడ మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాశారు. పాత బళ్లలో గోడ పెచ్చు ఊడితే పాతికేళ్ల విధానాలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. తవ్వకాల శాఖవాళ్లు వచ్చి చూడదగ్గవి.

పేరు మారినంత సులువుగా పని మారలేదు. అందుకు మంచి సాక్ష్యం మన దగ్గరిది కాదు, ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రుక్మిణీ బెనర్జీ, మరికొందరు కలిసి ప్రథమ్ సంస్థతో అక్కడ 280 ఊళ్లలో ఒక పరీక్ష పెట్టి 2010లో ఫలితాలు అచ్చువేశారు. ఊళ్లో విద్యా కమిటీ ఉందన్న సంగతే చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కమిటీ సభ్యుల్లోనే కొందరికి తాము సభ్యులమని తెలియదు. సరే కదా అని కొన్ని ఊళ్లలో మీటింగులు పెట్టి కమిటీ హక్కులన్నీ విడమరచి చెప్పారు. ఏమీ కదలలేదు, పిల్లల చదువూ కదలలేదు. ఇంకొన్ని ఊళ్లలో చదువుకున్న కుర్రకారుకు పిల్లల చేత ఎలా చదివించాలో కొద్దిరోజులు నేర్పించి, సాయంత్రం పూట చదివించమన్నారు. ఆ శిబిరాలకు వచ్చిన పిల్లలు కొంతమందే. కానీ వచ్చిన పిల్లల్లో చదవడం బాగా మెరుగుపడింది.

దీన్నిబట్టి ఊరివాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదనుకుంటే పొరపాటు. ‘బడిని పర్యవేక్షించండి’ అంటే పనులు మానుకుని వచ్చిన కూలి మనిషికి ఏం చేయాలో తోచదు. సారు ఎదురుగా కుర్చీలో కూర్చోవాలన్నా బెరుకే. ‘సాయంత్రం ఆరింటికి ఈ ఎనిమిది మంది చేత కథ చదివించు’ అంటే ఇంటర్ చదివిన పిల్ల చేస్తుంది. మహిళా సంఘాలకు యూనిఫాంలు కుట్టే పని ఇచ్చినప్పుడు అది జరిగింది. బట్ట, కొలత, లెక్క, కూలి అన్నీ చేతికందే సంగతులు. అదే మహిళలను నెలకోసారి పిలిచి తీర్మానాల పుస్తకంలో వేలు పెట్టి చూపించి ‘ఇక్కడ’ అంటే, అక్కడే సంతకం పెట్టి పోతారు.

అయితే ఊరు ఎప్పుడూ బడి వైపే ఉంటుందనుకోవడం అమాయకత్వం. గద్వాల, అయిజ వైపు సీడు పత్తి చేలకు పోతే ఇది అర్థమవుతుంది. విత్తనాల కోసం వేసే పత్తిలో మధ్యాహ్నం నుంచి ఒక్కో మొగ్గ విప్పి కేసరాలు గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి దానికి అద్దాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. వానాకాలం బడి మంచి ఊపులో ఉండే నెలల్లోనే క్రాసింగ్ కూడా ఊపులో ఉంటుంది. చిన్న చేతులైతే పువ్వు నలగదని ఒక మాట చెబుతారు. చిన్న చేతులకు కూలి తక్కువన్న మాట దాని వెనక దాక్కుని ఉంటుంది. ఈ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలు పోయారు. 2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో చదువొచ్చినవాళ్లు 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల్లో అదే అడుగు. ఇప్పటి గద్వాల జిల్లాను విడదీసి చూస్తే సగం మంది కూడా లేరు.

పిల్లను పనికి పిలిచిన రైతు, తీసుకెళ్లిన ఏజెంటు, పంపిన నాన్న, వీళ్లంతా ఆ ఊరివాళ్లే. బడి కమిటీలో ఉండదగ్గవాళ్లే. పక్కనే రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాలకార్మికుల మీద పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ ఈ చిక్కును నేరుగా పట్టుకుంది. శాంతా సిన్హా నడిపిన ఆ సంస్థ బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలి కిందే లెక్కవేసింది, పశువులు కాసే పిల్లనూ, తమ్ముణ్ని ఎత్తుకునే పిల్లనూ కలిపి. పనిలో పెట్టుకున్న రైతులతోనే కూర్చుని మాట్లాడింది. చదువు మధ్యలో ఆపిన పిల్లలకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఈ కృషికి ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడ యువకులకు అప్పగించిన పని చాలా చిన్నది: ఈ పిల్ల ఇవాళ బడిలో ఉందా, లేకపోతే ఎక్కడుంది, పోయి తీసుకురా.

ఇందుకు విరుద్ధంగా సాగిన ప్రయత్నం ఒకటి ఉమ్మడి నల్లగొండలోనే ఉంది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయిన సర్వేల్. 1971 నవంబర్ 23న పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి ఇచ్చిన చోట రాష్ట్రంలో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. ఊరు మొత్తాన్ని బడికి తెచ్చుకోవడం కష్టం కనుక బడినే ఒక ఊరుగా చేయాలన్నది అందులోని ఆలోచన. అన్నం, పడక, ఆట, రాత్రి చదువు, సార్లు అన్నీ ఒకే ఆవరణలో. పల్లె పిల్లలు ఆ బడిలోంచి ఐఏఎస్‌లు, ఐపీఎస్‌లు అయ్యారు. పి.వి. కేంద్రంలో విద్య చూసే మంత్రి అయ్యాక 1986లో నవోదయ విద్యాలయాలుగా ఇదే ఆలోచన దేశమంతా పాకింది. ఇవాళ తెలంగాణలో గురుకులాలు వెయ్యి దాకా ఉన్నాయి.

సర్వేల్ గొప్పదనంలో నాకు అనుమానం లేదు. కానీ దానికి ప్రవేశ పరీక్ష ఉంది. చురుకైన పిల్ల సీటు కొట్టి గురుకులానికి పోతుంది. కాస్త డబ్బున్న ఇంటి పిల్ల పసుపు రంగు వ్యానెక్కి ప్రైవేటుకు పోతుంది. వాళ్లతో పాటు వాళ్ల అమ్మానాన్నలు కూడా ఊరి బడి నుంచి పోతారు. ‘సారూ, మా పోరికి లెక్కలు ఎందుకు వస్తలేవు’ అని గట్టిగా అడిగేది వాళ్లే. మిగిలినవాళ్లు అడగరు, అడిగే తీరిక కూడా ఉండదు. కమిటీకి ఎన్ని పేర్లు మార్చినా ఈ నష్టం పూడదు.

వలస ఊళ్లలో ఆ మిగిలినవాళ్లు కూడా ఏడాది పొడవునా ఉండరు. నాగార్జునసాగర్ నుంచి ముంబై దాకా పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ కట్టని కట్టడం తక్కువ. పంటలు అయిపోగానే గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, బండి కదులుతుంది. పిల్ల బండెక్కుతుందా ఊళ్లోనే ఆగుతుందా అన్నది తేల్చేది ఇంట్లో అవ్వ ఉందా లేదా అన్న ఒక్క సంగతి. అవ్వ ఉంటే పిల్ల ఊళ్లో ఆగి బడికి పోతుంది. అవ్వ లేకపోతే సర్కారు పెట్టే సీజనల్ హాస్టల్ ఉండాలి, అదీ బండి కదిలే ముందే తెరుచుకోవాలి. బండి పోయిన నెలకు తెరిస్తే అందులో వార్డెన్ ఒక్కడే చదువుకోవాలి. పళ్లూడిన ఆ అవ్వకు విద్యాశాఖలో పోస్టు లేదు, ఆమె పనికి సమానమైన పోస్టు కూడా అందులో లేదు.

మూలింటి ముగ్గురి పేర్లు రిజిస్టర్‌లో అలాగే ఉంటాయి. ఫోను రోజూ వాళ్ల కోసం వెతికి, గైర్హాజరు వేసి ఊరుకుంటుంది. ఉగాది దాటాక ఒక రాత్రి బండి తిరిగొస్తుంది. మర్నాడు పొద్దున, సారు ఇంకా యాప్ తెరవకముందే, షెడ్డులో వంటక్క మూడొందల గ్రాముల బియ్యం ఎక్కువ కొలుస్తుంది.