మర్రినీడ దారి, ముడుచుకునే టాపు

హైదరాబాదులో పోలీసు అకాడమీ కూడలి దాటి పడమరకు సాగే బీజాపూర్ రహదారికి, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ చేరేలోగా, నిజాం పాలనాకాలంలో బాటసారుల నీడ కోసం నాటిన మర్రిచెట్లు ఇరువైపులా వందల సంఖ్యలో నిలిచి ఉన్నాయి. టాపు వెనక్కి ముడుచుకునే పాతకాలపు కార్ల మీద మక్కువ గురించి తెలంగాణలో మాట్లాడాలంటే ఈ దారి నుంచి మొదలుపెట్టడమే సమంజసం. వేసవి ఎండ నడినెత్తిన కాచే దక్కను పీఠభూమిలో నీడలేని రోడ్డు మీద టాపు తీసిన కారు పది నిమిషాల్లోనే శిక్షగా మారుతుంది, అదే కారు కొమ్మలు పైన కలుసుకున్న చోట తన అసలు ప్రయోజనాన్ని చూపుతుంది.

అవసరమైనప్పుడు మడిచి వెనక్కి నెట్టగల గుడ్డ కప్పు గానీ రేకు కప్పు గానీ ఉన్న కారును కన్వర్టిబుల్ అంటారు. మన వాడుకలో అది ఓపెన్ టాప్ కారు. మోటారు యుగం తొలినాళ్లలో దీనికి ప్రత్యేకమైన పేరు అక్కరలేకపోయింది, ఎందుకంటే అప్పటి కార్లలో అత్యధికం గుర్రపు బగ్గీల మాదిరిగా తెరిచి ఉన్నవే, నాలుగు పక్కలా మూసిన కారు ధనవంతులకు మాత్రమే అందే వస్తువు. 1920వ దశకంలో అమెరికాలో హడ్సన్ సంస్థ తన ఎసెక్స్ కోచ్ అనే మూసిన కారు ధరను తెరిచిన కారు ధర స్థాయికి దించడంతో లెక్క తారుమారై, ఆ దశాబ్దం ముగిసేసరికి తెరిచిన కారే అరుదైనదైంది. అంటే కన్వర్టిబుల్ విలాసానికి గుర్తుగా మారినది, చవకగా దొరికే కాలం పోయిన తరువాతే. 1976లో క్యాడిలాక్ ఎల్డొరాడోను అమెరికాలో చివరి కన్వర్టిబుల్‌గా ప్రచారం చేసి అమ్మారు. ఆ మాట చెల్లింది కొన్నేళ్లే, 1982లో క్రైస్లర్ లెబారన్‌తో ఆ తరహా మళ్లీ వచ్చింది.

అరుదుతనానికి ధర ఒక్కటే కారణం కాదు, కారు నిర్మాణంలోనూ కారణం ఉంది. పాత కార్లలో ఇంజను, చక్రాలు, ఆసనాలు అన్నీ ఛాసిస్ అనే దిట్టమైన ఉక్కు చట్రం మీద కూర్చునేవి కాబట్టి, పైకప్పు ఉన్నా లేకపోయినా బలంలో పెద్ద తేడా ఉండేది కాదు. తరువాతి కాలంలో ఛాసిస్‌ను తొలగించి, నేల, పక్కలు, కప్పు కలిసి ఒకే పెట్టెగా బరువును మోసే మోనోకాక్ నిర్మాణం వచ్చింది. అందులో కప్పు తీసేస్తే పెట్టె మూత తెగినట్టే, కింది గడపలను అదనపు ఉక్కుతో బలపరచకపోతే గతుకుల్లో బాడీ మెలితిరిగి తలుపులు సరిగా మూసుకోవు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌ను పాత కార్ల అభిమానులు అంత ఇష్టపడటానికి మూలం ఇక్కడే ఉంది. ఇటలీ రూపశిల్పి మికెలొట్టి గీసిన ఈ కారుకు ఛాసిస్ విడిగా ఉండటంవల్ల దాని పైభాగాన్ని బోల్టులు విప్పి తీయడం సాధ్యమయ్యేది; ఇంగ్లండులో దీని మాతృక అయిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు కన్వర్టిబుల్ రూపం 1960లోనే వచ్చింది.

అంబాసిడర్, ఫియట్ కార్ల సంగతి అలా కాదు, ఆ రెండూ మోనోకాక్‌లే. పెళ్లి ఊరేగింపుల కోసం వాటి కప్పును కోసి ఓపెన్ టాప్‌గా మార్చే పని మన ఊళ్లలో చాలాకాలంగా సాగుతున్నా, అది కారు బలాన్ని తీసేయడమే గాక, తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చరాదన్న మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు కూడా విరుద్ధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. కోసిన అంబాసిడర్‌ను చూసి ముచ్చటపడేవారు ఆ కారు కన్వర్టిబుల్ కాలేదని, అంబాసిడర్‌గానూ మిగలలేదని గ్రహించడం మంచిది.

హైదరాబాదుకు ఈ అభిరుచి కొత్తగా అబ్బినది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి పురమాయించగా, 1911లో ఆయన మరణించిన తరువాత ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వచ్చి చేరిన 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, లండనులోని బార్కర్ కంపెనీ చేతిలో బాడీ కట్టించుకున్న పసుపుపచ్చని కారు. వెనుక ఆసనం సింహాసనంలా ఎత్తుగా ఉండటంవల్ల థ్రోన్ కారు అన్న పేరు పొందింది, చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు దాన్ని చూడవచ్చు. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ సంస్థ ఇంజనుతో కూడిన ఛాసిస్‌ను మాత్రమే అమ్మేది, దాని మీద ఏ రూపం నిలపాలో కొనుగోలుదారు బాడీ కట్టే శిల్పులతో మాట్లాడుకునేవాడు. అందుకే ఆనాటి సంస్థానాధీశుల కార్లలో ఒకదానిని పోలినది మరొకటి ఉండటం అరుదు.

అసలు కారు దొరకని వారికి, దొరికినా నిలుపుకునే స్తోమత లేని వారికి, బొమ్మ కారు ఉంది. దీన్ని పిల్లల ఆటవస్తువుగా తీసిపారేయడం తగదు. కరిగించిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోతపోసే పద్ధతిని డై-కాస్టింగ్ అంటారు. దీనికి జింకులో కొద్దిగా అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన మిశ్రమలోహాన్ని వాడతారు. ఇంగ్లండులో డింకీ బొమ్మలు 1934లో ఆ పేరుతో మొదలయ్యాయి. 1953లో మ్యాచ్‌బాక్స్, 1956లో కిటికీ అద్దాలు అమర్చిన కోర్గీ, 1968లో అమెరికా నుంచి హాట్ వీల్స్ వచ్చాయి. మ్యాచ్‌బాక్స్ పుట్టుక వెనుక ఒక తండ్రి చేతిపని ఉంది: బడికి అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మనే తీసుకురావచ్చన్న నియమం ఉండగా, లెస్నీ సంస్థకు చెందిన జాక్ ఒడెల్ తన కూతురి కోసం ఇత్తడితో ఒక చిన్న రోడ్డు రోలరు చేసి ఇచ్చాడు. డింకీ పాత అచ్చులు ఆ తరువాత కలకత్తాకు చేరి, నిక్కీ టాయ్స్ పేరుతో మన దేశంలోనూ బొమ్మ కార్లు తయారయ్యాయి. నేడు వాటి కోసం విదేశీ సేకర్తలు సైతం వెతుకుతున్నారు.

బొమ్మల్లో కూడా ఓపెన్ టాప్ కారే కష్టమైన పని. మూసిన కారులో లోపలి భాగాన్ని ఖాళీగా వదిలినా చూసేవారికి తెలియదు, కప్పు లేని కారులో మాత్రం ఆసనాల కుట్లు, స్టీరింగు, డాష్‌బోర్డు అన్నీ కళ్లెదుట ఉంటాయి గనుక ప్రతిదీ చెక్కి చూపాలి. ముందు అద్దపు చట్రం దారంలా సన్నగా ఉండి, బొమ్మ కింద పడితే మొదట విరిగేది అదే కాబట్టి, చట్రం చెక్కుచెదరని పాత నమూనాకు గిరాకీ ఎక్కువ. సేకర్తల పరిభాషలో అట్ట మీద ప్యాకింగు విప్పనిది కార్డెడ్, విప్పినది లూజ్. 1:43 అంటే అసలు కారులో నలభైమూడో వంతు, ఈ కొలత బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. మిశ్రమలోహంలో సీసం మలినంగా చేరితే ఏళ్లు గడిచాక బొమ్మ దానంతటదే పగిలి పొడిగా రాలుతుంది. ఈ జింకు తెగులుకు చికిత్స లేదు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి డింకీలు ఎన్నో దీనివల్లే పోయాయి.

ఇక అసలు కారును కాపాడుకోవడం బొమ్మను అద్దాల బీరువాలో పెట్టుకోవడం వంటిది కాదు. కాన్వాసు టాపుకు ఎండ, తేమ రెండూ శత్రువులే. తడిగా ఉండగా మడిచిపెడితే బూజు పడుతుంది, నెలల తరబడి మడిచే ఉంచితే మడతల దగ్గర చిరుగుతుంది. నీడ గల షెడ్డు, గాలాడే ఆవరణ దీనికి తప్పనిసరి. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111వ నంబరు జీవో మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలతో సహా 84 గ్రామాల్లో కట్టడాలను ఏళ్లపాటు పరిమితం చేయడంతో నగరం అంచున ఇంకా విశాలంగా మిగిలిన తోటలు అటువంటి షెడ్లకు అనువైనవి. పత్రాల విషయంలో 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనలు మేలు చేశాయి: తొలి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటి, మూలరూపం మారని వాహనానికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము రూ. 20,000, గడువు పదేళ్లు. ప్రదర్శన, పరిశోధన, ర్యాలీ, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి పనులకే దాన్ని రోడ్డెక్కించాలి, నిత్య ప్రయాణాలకూ వ్యాపారానికీ వాడరాదు.

అలా ఎప్పుడో ఒకనాడు రోడ్డెక్కే కారుకు, సీటు బెల్టు లేకుండా నెమ్మదిగా నడిచే ఆ పాత యంత్రానికి, తగిన దారి ఏది అన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న. బీజాపూర్ రహదారి ఇరుకైనది, ఘోర ప్రమాదాలు చూసినది, కనుక విస్తరణ అవసరాన్ని ఎవరూ కాదనలేరు. ఆ విస్తరణ నుంచి మర్రిచెట్లను కాపాడేందుకు ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లడమూ అంతే న్యాయమైనది. చెట్ల వరసల మధ్య ఉన్న పాత తారుబాటను అలాగే ఉంచి, వేగంగా వెళ్లే వాహనాలకు కొత్త బాటను వరసలకు వెలుపల వేయగలిగిన ప్రతిచోటా అలా వేస్తే, చేవెళ్ల రైతుల టమాటా, క్యారెట్ ట్రాక్టర్లకూ సైకిళ్లకూ ఆ నీడ దక్కుతుంది, వీఏ నంబరు తగిలించుకున్న ఓ హెరాల్డ్ టాపు మడుచుకుని అనంతగిరి కొండల దాకా వెళ్లడానికి కూడా వీలుంటుంది.