గాభరాకు మందు - మెదడు బ్రేకుకు సాయం

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికి వచ్చేముందు మీ గుండె దడదడలాడుతుంది కదూ! రాయడం మొదలుపెట్టాక ఆ గాభరా మెల్లగా తగ్గిపోతుంది. కాని కొందరికి అది వారాల తరబడి తగ్గదు. అటువంటి వారికి డాక్టర్లు ఒక్కొక్కప్పుడు కొద్దిరోజులపాటు డయజిపామ్ వంటి మందు ఇస్తారు. అది ఎలా పనిచేస్తుందో చూద్దామా?

మెదడులోని నాడీకణాలు రసాయనాల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. కొన్ని రసాయనాలు "కానివ్వు" అంటే, గాబా అనేది "ఆగు" అంటుంది. నాడీకణం పొరలో చిన్న చిన్న ద్వారాలున్నాయి. గాబా వచ్చి తాకగానే ద్వారం తెరుచుకుని, రుణావేశం గల క్లోరైడ్ అయాన్లు లోపలికి పోతాయి. కణం నెమ్మదిస్తుంది. డయజిపామ్ ఆ ద్వారం మీదే మరొకచోట అతుక్కుంటుంది. తనంతట తాను ద్వారాన్ని తెరవలేదు. గాబా వచ్చినప్పుడు అది మరిన్నిసార్లు తెరుచుకునేట్టు చేస్తుంది. అంటే ఇది కొత్త బ్రేకు కాదు, ఉన్న బ్రేకుకే సాయం!

ఈ కుటుంబంలోని మొదటి మందు దొరికిన తీరు వింతైనది. అమెరికాలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో, పరీక్షించకుండా వదిలేసిన ఒక పదార్థం 1957లో గది సర్దుతుండగా బయటపడింది. జంతువులకిచ్చి చూస్తే అవి శాంతించాయి! 1960లో అది లిబ్రియమ్ పేరుతోనూ, 1963లో డయజిపామ్ వాలియమ్ పేరుతోనూ అమ్మకానికి వచ్చాయి.

మరి ఈ మందు ఇచ్చేటప్పుడు నర్సు అంత జాగ్రత్తగా ఎందుకుంటుంది? బ్రేకు మరీ గట్టిగా పడితే ఊపిరి కూడా మందగిస్తుంది కనుక. సారా ఇదే బ్రేకును నొక్కుతుంది. మార్ఫిన్ వంటి నొప్పి మందులు మరో దారిన ఊపిరిని తగ్గిస్తాయి. ఇవి కలిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే రోగి ఇంకేమేం మందులు వాడుతున్నాడో నర్సు ముందే అడుగుతుంది. మందు ఇచ్చాక పేరుపెట్టి పిలిచి చూస్తుంది, ఊపిరి లెక్కిస్తుంది. ముసలివారి ఒంట్లో మందు చాలాసేపు నిలిచి ఉంటుంది. తూలి పడతారేమోనని మంచం దిగేటప్పుడు చేయి పట్టుకుంటుంది.

మోతాదు మించితే విరుగుడుగా ఫ్లుమజెనిల్ ఉంది. అది డయజిపామ్‌ను పక్కకు నెట్టి ఆ చోటులో కూర్చుంటుంది. కాని దాని ప్రభావం ముందుగా తీరిపోతుంది. మత్తు మళ్ళీ కమ్మవచ్చు. కాబట్టి రోగి లేచి మాట్లాడినా నర్సు కాపలా మానదు.

వారాల తరబడి వాడితే మెదడు ఈ సాయానికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా మానేస్తే ఫిట్లు రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. ఒకరికి రాసిన మాత్ర మరొకరు మింగనేకూడదు.

ఈ రాత్రి నిద్రపోతున్న మీ నాన్నగారి ఊపిరిని గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు మామూలుగా 12 నుంచి 20 దాకా ఉంటుంది. వార్డులో నర్సు అర్ధరాత్రి లెక్కపెట్టేది సరిగ్గా దీన్నే!