పన్నెండు పాయింట్ల మొగ్గు ఉన్నా ఎందుకు ఓడిపోతారు? అమెరికన్ ఫుట్‌బాల్ అంచనాల వెనుక లెక్క

2008 ఫిబ్రవరి 3న జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్లో, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్, న్యూయార్క్ జెయింట్స్ జట్లు తలపడ్డాయి. పేట్రియాట్స్ ఆ సీజన్‌లో ఆడిన 18 మ్యాచ్‌లూ గెలిచి వచ్చింది. జెయింట్స్ లీగ్ దశలో 16 మ్యాచ్‌లు ఆడి ఆరు ఓడింది. పేట్రియాట్స్ సుమారు 12 పాయింట్ల తేడాతో గెలుస్తుందని పందేల మార్కెట్ లెక్కగట్టింది. చివరికి 17-14తో జెయింట్స్ గెలిచింది. ఈ ఫలితాన్ని మహా సంచలనంగా ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజంగా అది అంత అరుదైన ఫలితమా?

ముందు ఆట సంగతి. మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది. అమెరికన్లు కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతారు, చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. దాన్ని ప్రత్యర్థి గీత దాటిస్తే టచ్‌డౌన్: 6 పాయింట్లు, ఆపై ఒక కిక్కుతో ఇంకొకటి. నిలువు స్తంభాల మధ్య నుంచి తన్నే ఫీల్డ్ గోల్‌కు 3. స్కోరు ఒక్కొక్కటిగా కాకుండా మూడేసి, ఏడేసి చొప్పున దూకుతుందన్నమాట. ఒక్క పొరపాటుతో మ్యాచ్ తారుమారు కావడానికి ఇది ఒక కారణం.

మార్కెట్ చెప్పే గెలుపు తేడాను పాయింట్ స్ప్రెడ్ అంటారు. గణాంక శాస్త్రవేత్త హాల్ స్టెర్న్ 1980ల నాటి మూడు సీజన్ల మ్యాచ్‌లు తీసుకుని, స్ప్రెడ్‌కూ అసలు ఫలితానికీ ఎంత దూరముందో కొలిచి 1991లో ప్రచురించారు. రెండు విషయాలు తేలాయి. సగటు దూరం దాదాపు సున్నా, అంటే మార్కెట్ ఏ ఒక్క పక్షానికీ పనిగట్టుకుని మొగ్గలేదు. కానీ ఒక్కో మ్యాచ్‌లో పొరపాటు మాత్రం పెద్దదే. దాని ప్రామాణిక విచలనం 14 పాయింట్లకు కాస్త తక్కువ. ఆ పొరపాట్లను గ్రాఫ్‌లో గీస్తే మనం ఇంటర్లో చూసిన గంట ఆకారపు వక్రరేఖే వస్తుంది.

ఈ ఒక్క సంఖ్యతో చాలా చెప్పవచ్చు. 3 పాయింట్ల మొగ్గున్న జట్టు గెలిచే సంభావ్యత సుమారు 59 శాతం. 7 పాయింట్లుంటే 69. పేట్రియాట్స్‌కు ఉన్న 12 పాయింట్లకు 81. అంటే జెయింట్స్‌కు 19 శాతం అవకాశం ఉంది. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం 17 శాతమే. వైకుంఠపాళిలో ఆరు పడితే మనం దాన్ని సంచలనం అనం కదా!

ఇంత అనిశ్చితి ఎక్కడి నుంచి వస్తోంది? కొంత ఆ బంతి నుంచే. గుండ్రటి బంతి నేలను తాకితే ఎటు లేస్తుందో ఊహించవచ్చు. కోల బంతి మొనతో తాకిందా, పక్కతో తాకిందా, ఎంత వేగంగా తిరుగుతోంది అన్నదాన్ని బట్టి దిశ మారిపోతుంది. తాకే కోణంలో చిన్న తేడా వచ్చినా అది మరో చోటుకు పోతుంది. ఆటగాడి చేతిలోంచి జారిన బంతి చివరికి ఎవరి చేతికి చిక్కుతుందన్నది చాలావరకు అదృష్టమేనని విశ్లేషకులు భావిస్తారు. గాయాలు, గాలి, మంచు దీనికి అదనం.

జట్ల బలాన్ని కొలవడానికి విస్తృతంగా వాడే పద్ధతి ఎలో రేటింగ్. దీన్ని చదరంగం కోసం తయారు చేసిన ఆర్పాద్ ఎలో మిల్వాకీలో భౌతికశాస్త్ర ఆచార్యుడు (భౌతికశాస్త్రం చదివినవాళ్లం గర్వంగా చెప్పుకునే విషయం). ప్రతి జట్టుకూ ఒక సంఖ్య ఉంటుంది. మ్యాచ్ అయ్యాక ఓడినవారి ఖాతాలోంచి కొన్ని పాయింట్లు గెలిచినవారికి వెళ్తాయి. ఊహించని గెలుపైతే ఎక్కువ, ఊహించిందే అయితే తక్కువ. రెండు జట్ల మధ్య తేడా 100 ఉంటే పెద్ద జట్టు గెలిచే అవకాశం 64 శాతం.

సూత్రం సులువే, చిక్కు సమాచారం కొరతతో వస్తుంది. ఇప్పుడు లీగ్ దశలో ఒక్కో జట్టు ఆడేది 17 మ్యాచ్‌లే. ప్రతి మ్యాచ్‌లో 65 శాతం గెలుపు అవకాశమున్న జట్టు సగటున 11 గెలవాలి. కానీ కేవలం యాదృచ్ఛికత వల్ల అది 9 దగ్గర ఆగిపోవచ్చు, 13 దాకా వెళ్లనూవచ్చు. పట్టికలో 9 గెలిచిన జట్టూ 13 గెలిచిన జట్టూ నిజానికి సమాన బలం ఉన్నవే కావచ్చు.

ప్లేఆఫ్స్‌లో ఒక్కసారి ఓడితే ఇంటికే. ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల జట్లకు దొరికే రెండో అవకాశం ఇక్కడ లేదు. అగ్రస్థానంలో ఉన్న జట్టు కప్పు కోసం వరుసగా మూడు గెలవాలి. మూడింటిలోనూ 65 శాతం అవకాశముందనుకున్నా, మొత్తం మీద 27 శాతమే మిగులుతుంది. అదే 65 శాతం జట్టు అమెరికన్ బాస్కెట్‌బాల్‌లో లాగా ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆడితే, ఆ సిరీస్ గెలిచే అవకాశం 80 శాతానికి చేరుతుంది.

మరి అంచనా చెప్పేవారిని నమ్మడమెలా? 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో క్రీడా పందేలను అనుమతించే వీలు రాష్ట్రాలకు దొరికింది. కాబట్టి ఇది చాలామంది జేబుకు సంబంధించిన ప్రశ్న. 14 జట్లలో ఒకటే మిగలాలంటే 13 మ్యాచ్‌లు జరగాలి. ప్రతి మ్యాచ్‌కూ నాణెం ఎగరేసి విజేతను చెప్పేవారు వెయ్యి మంది ఉన్నారనుకోండి. వారిలో సుమారు 46 మంది పదీ అంతకు మించీ సరిగ్గా చెప్పేస్తారు! ఆ 46 మందీ మరుసటి ఏడాది నిపుణులుగా చలామణీ కావచ్చు.

అందుకే శాస్త్రవేత్తలు వాతావరణ రంగం నుంచి ఒక కొలమానం తెచ్చుకున్నారు. అమెరికా వాతావరణ శాఖకు చెందిన గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన స్కోరు అది. 80 శాతం అని చెప్పిన జట్టు గెలిస్తే జరిమానా 0.2 వర్గం, అంటే 0.04. ఓడితే 0.8 వర్గం, 0.64. ప్రతిసారీ 50 శాతం అని తప్పించుకునేవారికి 0.25. వందల మ్యాచ్‌ల సగటులో ఎవరి జరిమానా తక్కువో వారే మెరుగు. ధీమా ఎక్కువై తప్పినవారికి దెబ్బ గట్టిగా తగులుతుంది. నాకు ఇందులో నచ్చేది అదే.

ఒక్కోసారి నియమాలే మారి పాత సమాచారం పనికిరాకుండా పోతుంది. 2022 జనవరి 23న కాన్సస్ సిటీ చీఫ్స్, బఫలో బిల్స్ 36-36తో సమమయ్యాయి. అదనపు సమయంలో టాస్ గెలిచిన చీఫ్స్ తొలి ప్రయత్నంలోనే టచ్‌డౌన్ చేసింది. అప్పటి నియమం ప్రకారం ఆట అంతటితో సరి. బిల్స్ దాడికి దిగే అవకాశమే రాలేదు. ఆ ఏడాదే ప్లేఆఫ్స్‌లో రెండు జట్లకూ బంతి దక్కేలా నియమం మార్చారు. దాని కింద తొలి పరీక్ష 2024 ఫిబ్రవరి నాటి సూపర్ బౌల్. టాస్ గెలిచాక మొదట బంతి తీసుకోవాలా, రెండోసారి తీసుకోవాలా అని చెప్పడానికి ప్లేఆఫ్స్‌లో ఒక్క పాత ఉదాహరణ కూడా లేదు. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ టాస్ గెలిచి, మొదట బంతి తీసుకుని, 3 పాయింట్లు చేసింది. ఎంత కావాలో ముందే తెలిసిన చీఫ్స్ టచ్‌డౌన్ చేసి 25-22తో కప్పు తీసుకుపోయింది.