రొమ్ములో సున్నపు చుక్కలు చెప్పే సంగతులు

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసి, ఇంటికెళ్లి వంట చేసే ఆడవాళ్లకు గడ్డ తగిలితే తప్ప రొమ్ము పరీక్ష గుర్తుకు రాదు. చేతికి తగలకముందే జబ్బు జాడ చెప్పగల, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే)లో కనిపించే సున్నపు (కాల్షియం) చుక్కల గురించి అందుకే తెలుసుకోవాలి.

● 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయినా రాగిజావ తాగినందువల్ల రొమ్ములో సున్నం పేరుకోదు. వయసు, పాత దెబ్బలు, వాపులు, కణాల్లో మార్పులే దానికి కారణాలు.

● బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ 1913లో, ఆపరేషన్ చేసి తీసిన సుమారు 3,000 రొమ్ములకు ఎక్స్‌రే తీసి, క్యాన్సర్ ఉన్నచోట సన్నని చుక్కలు గమనించాడు. వాటి ప్రాధాన్యాన్ని 1951లో చాటినవాడు ఉరుగ్వే డాక్టర్ లెబోర్న్.

● చుక్కల్లో ఎక్కువ భాగం హాని లేనివే. ఫైబ్రోఅడినోమా గడ్డ పాతబడితే పేలాల్లాంటి పెద్ద పలుకులు కనిపిస్తాయి. అర మిల్లీమీటరు కన్నా చిన్నవి ఒకేచోట గుమిగూడినా, పాలనాళం వెంట గీతలా, కొమ్మలుగా సాగినా అనుమానించాలి. నాళం దాటని తొలిదశ క్యాన్సర్ చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది.

● కాల్షియం ఆక్సలేట్ చుక్కలు సాధారణంగా మామూలు మార్పులకు గుర్తు. కాల్షియం ఫాస్ఫేట్‌వి మామూలు మార్పుల్లోనూ, క్యాన్సర్‌లోనూ ఉంటాయి. ఆ ఫాస్ఫేట్‌లోని ఫాస్ఫరస్‌ను శరీరంలో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి రూపొందించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం అందించిన మెథోట్రెక్సేట్ మందును తర్వాత రొమ్ము క్యాన్సర్ చికిత్సలోనూ వాడారు.

● రొమ్ము రక్తనాళాల్లో సున్నం చేరితే అది క్యాన్సర్ గుర్తు కాదు. గుండెజబ్బు ముప్పును సూచించవచ్చు కాబట్టి బీపీ, షుగర్ చూపించుకోవాలి.

● చంకల్లో పౌడర్, డియోడరెంట్ రాసుకుంటే అవి మామోగ్రామ్‌లో సున్నపు చుక్కల్లా కనబడవచ్చు. పరీక్ష రోజు అవి వద్దు.

● మామోగ్రామ్ రిపోర్టులో అనుమానం ఎంతో చెప్పే 'బైరాడ్స్' అంకె 2 ఉంటే హాని లేదు. 3 ఉంటే సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ పరీక్ష. 4 లేదా 5 ఉంటే బయాప్సీ. బయాప్సీ అన్నంత మాత్రాన క్యాన్సర్ ఖాయమైనట్టు కాదు.

అక్కా, చెల్లీ! గడ్డ లేదని ధీమా పడొద్దు, చుక్క ఉందని హడలిపోవద్దు. నలభై దాటితే మామోగ్రామ్ ఎప్పుడు తీయించుకోవాలో డాక్టర్‌ని అడగండి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే దాన్ని జ్వరాలకే కాదు, ఈ పరీక్ష కోసం అడగడానికీ వాడుకోండి.