డిగ్రీ తర్వాత రోడ్డు ఇంజినీర్లు ఎక్కడ నేర్చుకోవాలి?

రోడ్డు మలుపు డిజైన్‌లో చిన్న తేడా వచ్చినా ప్రాణాలు పోతాయి. అందుకే రోడ్డు ఇంజినీర్ల చదువు బీటెక్‌తో ఆగిపోకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ కూడా ఈ బాధ్యతను గుర్తుచేస్తోంది. భద్రతా ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే సంబంధిత అధికార సంస్థ లేదా కాంట్రాక్టర్‌కు రూ.లక్ష వరకు జరిమానా పడొచ్చు.

మరి అవకాశాలేంటి?

• ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్: 1934లో ఏర్పాటైంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించేది ఇదే. ఏటా జరిగే సదస్సులో ఇంజినీర్లు కొత్త పద్ధతులపై చర్చిస్తారు.

• ఇండియన్ అకాడమీ ఆఫ్ హైవే ఇంజినీర్స్, నోయిడా: ఉద్యోగంలో ఉన్నవారికి శిక్షణ ఇస్తుంది. రోడ్ సేఫ్టీ ఆడిట్ కోర్సూ ఉంది. ప్రమాదం జరగకముందే డిజైన్‌లో లోపాన్ని పట్టుకోవడమే ఈ ఆడిట్ పని.

• ఎన్‌పీటెల్: ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఇంటి నుంచే ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. విద్యార్థులూ చేరొచ్చు.